వయసును తినే పండుగలు

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

మా వారి ఉద్యోగం వల్ల నేను 2011లో దక్షిణ కొరియా వెళ్లాను. సువన్ అనే ఊళ్లో, పాత హ్వసొంగ్ కోటగోడకి దగ్గర్లో ఒక ఇటుకల మేడ. పైన మేము, కింద ఇంటివాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు. ఆవిణ్ణి హల్మొని అనేదాన్ని, అంటే మామ్మ. ఆయన్ని హరబొజి, అంటే తాతయ్య. సామాన్లు ఇంకా దించకముందే హల్మొని అడిగిన మొదటి ప్రశ్న నా వయసు. అక్కడ అది తప్పు కాదు. ఎదుటి మనిషి వయసు తెలిస్తేగానీ మన్నించి మాట్లాడాలా, చనువుగా మాట్లాడాలా అన్నది తేలదు. ఇరవై తొమ్మిది అన్నాను. పుట్టిన సంవత్సరం అడిగింది. 1981 అంటే, వేళ్లు మడిచి చూసుకుని, "ముప్పై ఒకటి" అంది.

లెక్క తప్పలేదు. వాళ్ల పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు. ఆ తర్వాత పుట్టినరోజుతో సంబంధం లేదు, కొత్త సంవత్సరం వస్తే దేశంలో అందరికీ ఒకేసారి ఒక ఏడు పెరుగుతుంది. డిసెంబరు 31న పుట్టిన పసిగుడ్డుకి తెల్లారేసరికి రెండేళ్లు. 2023 జూన్ 28 నుంచి చట్టం మార్చి, ప్రభుత్వ కాగితాల్లో మనలాగే పుట్టినరోజు లెక్క పెట్టారు. ఇళ్లల్లో మాత్రం పాత లెక్క ఇంకా నోళ్లలో ఉంది.

ఈ వయసు గురించి ఒక మాట చెప్పాలి, ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే ఉంది. కొరియా భాషలో నాయి అంటే వయసు. మొక్తా అంటే తినడం. "నాకు ముప్పై ఏళ్లు వచ్చాయి" అనడానికి వాళ్లు "వయసు తిన్నాను" అంటారు. మనకి వయసు వస్తుంది, లేదా మీద పడుతుంది. మనం కూడా కొన్ని తింటాం అనుకోండి: తిట్లు తింటాం, చీవాట్లు తింటాం, వడదెబ్బ తింటాం. ఆశ్చర్యం ఏమిటంటే, తిట్లు తినడం, ఎండదెబ్బ తినడం కొరియా భాషలోనూ అచ్చం ఇలాగే ఉన్నాయి. కానీ వయసును తినడం వాళ్లదే. అది ఊరికే మాటవరసకి కాదు. నిజంగానే ఒక గిన్నెలో పోసి ఇస్తారు.

ఆ గిన్నె పేరు తొక్‌గుక్. తొక్ అంటే బియ్యప్పిండితో చేసే వంటకం, గుక్ అంటే చారు. వాళ్ల చాంద్రమాన సంవత్సరాది పేరు సొల్లాల్. ఆ పొద్దున తొక్‌గుక్ తినందే ఎవరికీ వయసు పెరగదు. పిల్లల్ని "నువ్వు ఎన్ని గిన్నెల తొక్‌గుక్ తిన్నావు?" అని అడిగితే వయసెంత అని అడిగినట్టు. త్వరగా పెద్దవాళ్లం అయిపోవాలని రెండో గిన్నె అడిగే పిల్లలు ప్రతి ఇంట్లో ఉంటారు.

దాన్ని ఎలా చేస్తారో దగ్గరుండి చూశాను. పండక్కి రెండు రోజుల ముందు హల్మొని నానబెట్టిన బియ్యం తపేలా నెత్తిన పెట్టుకుని బజారులో పిండిమరకి బయల్దేరింది, వెనకాల నేను. అక్కడ తడి బియ్యాన్ని ఆడించి, ఆవిరి మీద ఉడికించి, ఒక గొట్టంలోంచి నెడతారు. మూర పొడుగున తెల్లటి కడ్డీలు పొగలు కక్కుతూ నీళ్లలోకి జారతాయి. తడిపిండి వాసన తగలగానే నాకు అరిసెల రోజులు గుర్తొచ్చాయి. అరిసెలకీ అంతే కదా, బియ్యం నానాలి, పిండి తడిగా ఉండాలి, పొడిపిండితో చేస్తే అవి అరిసెలే కావు. ఆ కడ్డీల్ని ఒక రాత్రి ఆరబెట్టి, మర్నాడు ఏటవాలుగా కోస్తారు. కోసిన బిళ్లలు పాతకాలం రాగి నాణేల్లా ఉంటాయి. పొడుగు కడ్డీ దీర్ఘాయువుకి, నాణెం కలిమికి, తెలుపు కొత్త ఆరంభానికి. పూర్వం చారుకి ఫెజెంట్ అనే అడవి పక్షి మాంసం వాడేవారట. అది దొరకనివాళ్లు కోడితో సరిపెట్టుకునేవారు. "ఫెజెంట్ లేకపోతే కోడి" అని కొరియాలో ఇప్పటికీ సామెత. నేను మాంసం తిననని తెలిసి, నా ఒక్క గిన్నె వరకు హల్మొని సముద్రపు నాచుతో విడిగా చారు కాచింది. "ఇది కూడా లెక్కలోకి వస్తుంది, తిను" అంది. అలా నేను ముప్పై రెండు తిన్నాను.

తిన్నాక పెద్దలకి దణ్ణం. దాన్ని సేబె అంటారు. మోకాళ్ల మీద వంగి, చేతులు నేలకి ఆనించి, నుదురు చేతుల దాకా దించాలి. "సేహే బోక్ మాని పదుసేయో" అనాలి, కొత్త ఏడాదిలో నిండుగా భాగ్యం పొందండి అని. పెద్దలు మంచి మాట చెప్పి పిల్లల చేతిలో డబ్బు పెడతారు. మొదటి ఏడు నేను ఒకసారి వంగి లేచి, ఇంకాస్త గౌరవంగా ఉంటుందని మళ్లీ వంగబోయాను. హల్మొని కంగారుగా నా భుజం పట్టుకుని ఆపేసింది. బతికున్నవాళ్లకి ఒక్కసారే వంగాలట. రెండుసార్లు వంగేది చనిపోయినవాళ్లకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ పండుగ ఇప్పుడు మూడు రోజుల సెలవుతో వెలిగిపోతోందిగానీ, దాదాపు నూరేళ్లు దీన్ని తొక్కిపెట్టారు. 1896లో కొరియా రాజ్యం సూర్యమాన క్యాలెండర్‌కి మారింది. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన. జపాన్‌వాళ్లకి జనవరి 1 కొత్త సంవత్సరం, కొరియావాళ్లూ అదే చేయాలన్నారు. చాంద్రమాన సంవత్సరాదికి "పాత పండుగ" అని పేరు పెట్టి, పండుగ రోజుల్లో పిండిమరలు మూయించారు. కొత్త తెల్లబట్టలు కట్టుకుని రోడ్డెక్కినవాళ్ల మీద సిరా చల్లారని పెద్దవాళ్లు చెబుతారు. హల్మొనికి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ రాత్రిపూట తలుపులు వేసుకుని, చప్పుడు బయటికి రాకుండా రోటి కింద గడ్డి పరిచి పిండి దంచేదట. స్వాతంత్ర్యం వచ్చాక సొంత ప్రభుత్వాలు కూడా రెండు సంవత్సరాదులు దుబారా అని జనవరి 1నే పట్టుకుని వేలాడాయి. జనం వినలేదు. ఏటేటా సెలవు లేకపోయినా ఊళ్లకి వెళ్లారు. చివరికి 1985లో ప్రభుత్వం దిగివచ్చి "జానపద దినం" అని ఒక్క రోజు సెలవు ఇచ్చింది. 1989లో సొల్లాల్ అన్న అసలు పేరూ, మూడు రోజుల సెలవూ తిరిగి వచ్చాయి. ఒక జాతి తన పండుగ పేరును తిరిగి సంపాదించుకోవడానికి అంత కాలం పట్టింది. నాకు ఇది తల్చుకున్నప్పుడల్లా ఆ గడ్డి పరిచిన రోలే కళ్లముందు కనపడుతుంది.

సంవత్సరాది తర్వాత పదిహేనో రోజు, తొలి పౌర్ణమి. దాని పేరు తేబొరుమ్. మనకి దాదాపుగా మాఘ పౌర్ణమి. ఆ పొద్దున లేవగానే వాల్‌నట్లు, వేరుశనగలు, చెస్ట్‌నట్లు సొంత పళ్లతో కొరికి పగలగొట్టాలి. ఏడాదంతా ఒంటి మీద సెగ్గడ్డలు లేవకుండా, పళ్లు గట్టిగా ఉండేలా. ఐదు ధాన్యాలు కలిపి వండిన అన్నం, కిందటి ఏడాది ఎండబెట్టి దాచిన ఆకుకూరలు తింటారు. ఆ అన్నం కనీసం మూడు వేరే ఇంటిపేర్ల వాళ్ల ఇళ్లలో తినాలంటారు. అంటే ఆ రోజు ఎవరి గుమ్మంలోకి ఎవరు వెళ్లినా తప్పులేదన్నమాట.

నాకు బాగా నచ్చింది వేడి అమ్మడం. పొద్దు పొడవకముందు ఎవరినైనా పేరుపెట్టి పిలవాలి. వాళ్లు "ఆఁ?" అని పలికారా, అయిపోయారు. "నా వేడి నువ్వు కొనుక్కో" అనేయాలి. రాబోయే ఎండాకాలంలో నేను తినాల్సిన వడదెబ్బ నువ్వు తింటావు. అందుకని ఆ ఒక్క పొద్దున కొరియాలో పిలిస్తే ఎవరూ పలకరు! చలికి ముక్కు గడ్డకట్టుకుపోయే ఫిబ్రవరిలో, మూడు నెలల తర్వాత పొలంలో మండబోయే ఎండ గురించి ఆలోచించిన రైతుల ఆట అది. చీకటి పడ్డాక పైన్ కొమ్మలు, వెదురు, గడ్డి కలిపి ఇంటంత ఎత్తున పేర్చి, చంద్రుడు కొండ మీదికి రాగానే నిప్పు పెడతారు. వెదురు కణుపులు టపటపా పేలుతుంటే దయ్యాలు పారిపోతాయని. మన భోగిమంట చూసినవాళ్లకి ఆ వేడి ఒంటికి పరిచయమే.

ఇక్కడ పంచాంగం చూసేవాళ్లు కొందరు ఉన్నారు కాబట్టి ఒక మాట. వాళ్ల నెల మన నెలలాగే అమావాస్యతో ముడిపడి ఉంది. చాంద్రమానం సూర్యుడి కంటే ఏడాదికి పదకొండు రోజులు వెనకబడుతుంది కాబట్టి వాళ్లకీ అధిక మాసం ఉంది, పేరు యుందల్. మనకి సూర్య సంక్రమణం లేని నెల అధికం. వాళ్లకీ సరిగ్గా అదే సూత్రం. ఏడాదిని ఇరవై నాలుగు భాగాలు చేసి, అందులో పన్నెండు ముఖ్యమైన బిందువులు పెట్టుకున్నారు, ఆ బిందువు పడని నెల అధికం. పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు. తేడా ఒక్కటే, మనది నిరయనం, అంటే సూర్యుణ్ణి నక్షత్రాలతో పోల్చి కొలవడం; వాళ్లది సాయనం, అంటే ఋతువులతో కొలవడం. అందుకే అధిక మాసాలు ఒకే ఏడాది పడాలని లేదు. 2025లో వాళ్లకి ఆరో నెల అధికం వచ్చింది. మనకి 2026లో అధిక జ్యేష్ఠం. మామూలు ఏళ్లలో మన భాద్రపద పౌర్ణమికి రావాల్సిన వాళ్ల పెద్ద పండుగ చుసొక్, ఆ 2025లో అక్టోబరు 6కి, మన ఆశ్వయుజ పౌర్ణమికి జరిగిపోయింది.

వసంతంలో హన్‌షిక్ ఉంది. శీతాకాలపు అయనం నుంచి 105వ రోజు. ఆ రోజు పొయ్యి వెలిగించకుండా చల్లటి తిండి తినడం, సమాధుల మీద గడ్డి సరిచేయడం. ఇప్పుడు చాలామంది పట్టించుకోవడం లేదు.

దానో అలా కాదు. ఐదో నెల ఐదో రోజు. బేసి సంఖ్యలు వెలుగుకి, వేడికి గుర్తు. బేసి నెలలో అదే బేసి తేదీ వస్తే మంచి రోజు: మూడులో మూడు, ఐదులో ఐదు, ఏడులో ఏడు, తొమ్మిదిలో తొమ్మిది. వాటిల్లో దానో నడి వేసవి బలమంతా పోసుకున్న రోజు. నాట్లు అయ్యాయి, కలుపు ఇంకా మొదలవలేదు, ఆ సందులో ఒక రోజు. మగవాళ్లకి సిరుమ్ కుస్తీ, ఆడవాళ్లకి ఉయ్యాల. నిలబడి ఊగే ఉయ్యాల, తాళ్లు చెట్టంత పొడుగు. గడప దాటడానికి వీల్లేని కాలంలో ఆ ఒక్క రోజు ఆడపిల్లలు గోడల అవతల ఏముందో ఉయ్యాల ఎత్తులోంచి చూసేవారు. వాళ్ల ప్రసిద్ధ ప్రేమకథలో చున్‌హ్యాంగ్‌ని నాయకుడు మొదటిసారి చూసేది దానో నాడు ఉయ్యాల మీదే. అట్లతద్దినాడు తెల్లవారుజామున ఉయ్యాల ఊగినవాళ్లు ఈ గదిలో ఎంతమంది? ... అదీ. మీకు వేరే చెప్పక్కర్లేదు.

దానో నాడు ఆడవాళ్లు చాంగ్‌ఫో అనే మొక్క మరిగించిన నీళ్లతో తలంటుకుంటారు. జుట్టు నల్లగా మెరుస్తుందనీ, దుష్టశక్తులు దగ్గరికి రావనీ. దాని వేరును చెక్కి, ఎర్రరంగు పూసి జడలో గుచ్చుకునేవారు. హల్మొని ఒక కట్ట తెచ్చి తొట్టిలో వేసి మరిగిస్తుంటే మేడ మీదికి వాసన వచ్చింది. మెట్ల మీదే ఆగిపోయాను. అది వస! మా అమ్మమ్మ సానరాయి మీద అరగదీసి, తేనెలో కలిపి పసిపిల్లల నాలుక మీద రాసే వసకొమ్ము వాసన. మాటలు త్వరగా రావాలని మనం నాలుకకి రాస్తాం, జుట్టు నిగనిగలాడాలని వాళ్లు తలకి పోసుకుంటారు. నాకు ఆ క్షణంలో కొరియా పరాయి దేశం కాకుండా పోయింది.

తూర్పు తీరంలో కాంగ్నుంగ్ అనే ఊరి దానో జాతర చాలా పెద్దది. నెల రోజుల ముందే, నాలుగో నెల ఐదో తేదీన, దేవుడికి బియ్యపు మద్యం పులియబెట్టడంతో మొదలవుతుంది. తేగ్వాల్యొంగ్ కనుమ మీద నుంచి కొండదేవుణ్ణి ఊళ్లోకి తెచ్చుకుంటారు. షమన్ పూజారిణులు పగలూ రాత్రీ పాడతారు. పూర్వం ప్రభుత్వ కచేరీలో బానిసలుగా ఉన్నవాళ్లు ఆడిన ముసుగు నాటకం ఒకటుంది, అందులో మాట ఒక్కటీ ఉండదు, అంతా అభినయమే. 2005లో యునెస్కో ఈ జాతరను గుర్తించినప్పుడు చైనాలో చాలామంది మా పండుగను మీదని రాయించుకున్నారని కోప్పడ్డారు. తేదీ చైనాతో పంచుకున్నదే, నిజం. కానీ చైనాలో ఆ రోజు పడవ పందేలు, కాంగ్నుంగ్‌లో కొండదేవుడు. తేదీ ఒకటైనంత మాత్రాన పండుగ ఒకటి కాదని నా అభిప్రాయం. కుస్తీ సంగతి ఇంకా బాగుంది. 2018లో ఉత్తర, దక్షిణ కొరియాలు రెండూ కలిసి సిరుమ్‌ని యునెస్కో జాబితాలో ఒకే పేరుగా చేర్పించుకున్నాయి. అలా కలిసి చేయడం అదే మొదటిసారి.

వేసవి నడుమ సాంబోక్ అని మూడు మండే రోజులు. ఆ రోజుల్లో పొగలు కక్కే కోడి చారు, లోపల జిన్‌సెంగ్, జిగురు బియ్యం, ఖర్జూరం లాంటి రేగుపండ్లు పెట్టి. "వేడిని వేడితోనే కొట్టాలి" అంటారు. కొందరు కుక్క మాంసం తినే రోజులు కూడా అవే, మాంసానికి కుక్కల్ని పెంచడం, చంపడం, అమ్మడం 2024 జనవరిలో పార్లమెంటు నిషేధించింది, 2027 నుంచి పూర్తిగా అమలు. ఏడో నెల ఏడో రోజున పాలపుంతకి అటూ ఇటూ విడిపోయిన పశువుల కాపరి, నేతగత్తె కలుసుకుంటారు. కాకులూ మాగ్‌పై పిట్టలూ రెక్కలు కలిపి వంతెన కడతాయి. ఆ రాత్రి వాన వాళ్ల కన్నీళ్లు. కొగుర్యో అనే పాత రాజ్యంలో క్రీ.శ. 408 నాటి ఒక సమాధి గోడ మీద ఈ ఇద్దరి బొమ్మ ఉంది, మధ్యలో నదితో సహా.

ఇప్పుడు వరస తప్పిస్తాను. చుసొక్‌ని చివరికి ఉంచుకుని ముందు డిసెంబరుకి వెళ్తాను. ఏడాదిలో అతి పొడుగు రాత్రి, దోంగ్‌జి. డిసెంబరు 21 లేదా 22. అసలు ఉత్తరాయణం మొదలయ్యేది అప్పుడే. ఆ రాత్రి ఎర్ర చిక్కుడు గింజలతో చేసిన జావ, పత్‌జుక్. ఆ గింజ మన మినుముకీ, పెసరకీ దగ్గరి చుట్టం. గింజలు మెత్తగా ఉడికించి, జల్లెడలో నూరి, పొట్టు తీసేసి, ఆ చిక్కటి నీళ్లు అడుగంటకుండా గంటసేపు కలపాలి. అందులో పిట్టగుడ్లు అని పేరున్న చిన్న చిన్న పిండి ఉండలు వేస్తారు. ఎన్ని? ఎన్నేళ్లుంటే అన్ని. అందుకే ఈ రోజుకి "చిన్న సంవత్సరాది" అని పేరు, వయసు తినడం ఇక్కడే మొదలు. హల్మొని నా గిన్నెలో ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ వేసేది.

తినేముందు ఒక చెంచాడు జావ గుమ్మం మీద, గోడ మూలల్లో చిలకరిస్తుంది. ఎరుపంటే దయ్యాలకి భయం. 1849లో హోంగ్ సొక్‌మో రాసిన "తోంగుక్ సెసిగి" అనే పండుగల పుస్తకంలో దీని కథ ఉంది: ఒకాయనకి పనికిమాలిన కొడుకు, దోంగ్‌జి నాడు చచ్చి, అంటురోగాల దయ్యమయ్యాడు, బతికుండగా వాడికి ఎర్ర గింజలంటే భయం. చాంద్రమాన నెలలో మొదటి పది రోజుల్లో దోంగ్‌జి వస్తే దాన్ని పిల్లల దోంగ్‌జి అంటారు, ఆ ఏడు పిల్లలున్న ఇంట్లో జావ కాయరు. ఇంత పట్టింపు ఉన్న పండుగ కాబట్టే, 2023 డిసెంబరులో కొరియా ప్రభుత్వం సొల్లాల్-తేబొరుమ్, హన్‌షిక్, దానో, చుసొక్, దోంగ్‌జి అన్న ఐదింటినీ జాతీయ వారసత్వంగా ప్రకటించింది. అంతకుముందు ఆ గౌరవం ఎక్కువగా పాటకో, నాట్యానికో, చేతిపనికో దక్కేది. ఇప్పుడు మామూలు ఇళ్లలో మామూలు మనుషులు చేసే పండుగకి దక్కింది. అది హల్మొని లాంటి వాళ్ల చేతులకి దక్కినట్టు నేను అనుకుంటాను.

ఇక చుసొక్. ఎనిమిదో నెల పౌర్ణమి. క్రీ.శ. 1145లో కిమ్ బుసిక్ కూర్చిన చరిత్ర గ్రంథం దీని పుట్టుక చెబుతుంది. సిల్లా రాజ్యంలో యురి రాజు తొమ్మిదో ఏడు, అంటే క్రీ.శ. 32. రాజధానిలోని ఆరు పేటల ఆడవాళ్లని రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక రాకుమారిని పెద్దగా పెట్టి, నెల రోజులు నేత పోటీ పెట్టాడు. పౌర్ణమినాడు ఎవరి బట్ట ఎక్కువో చూసి, ఓడినవాళ్లు విందు ఇవ్వాలి. ఓడిన జట్టులో ఒకామె లేచి నాట్యం చేస్తూ "హోసొ, హోసొ" అని దిగులుగా పాడిందట. ఆ స్వరం ఎంత బాగుందో, తర్వాత వాళ్లు దాన్నే పాటగా కట్టుకున్నారు. గెలిచినవాళ్ల పాట ఏమిటో గ్రంథంలో లేదు.

దక్షిణాన జొల్లా సముద్రతీరంలో ఆ రాత్రి ఆడవాళ్లు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట కాంగ్‌గాంగ్‌సుల్లే. ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ప్రతి పాదానికీ "కాంగ్‌గాంగ్‌సుల్లే" అంటారు. నెమ్మదిగా మొదలై పరుగు దాకా పోతుంది. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు, అవును, "ఉయ్యాలో" అన్నట్టే. ఆ పౌర్ణమి తర్వాత పదిహేను రోజులకే మన ఎంగిలిపూల బతుకమ్మ.

చుసొక్ వంటకం సోంగ్‌ప్యొన్. కొత్త బియ్యపు తడిపిండిలో మరిగే నీళ్లు పోసి మర్దించి, అరచేతిలో గుంట చేసి, నువ్వులూ తేనో, చెస్ట్‌నట్ ముద్దో పెట్టి, అంచులు నొక్కేయాలి. కుడుము పిండితో చిన్న కజ్జికాయ చేసినట్టు. కింద పచ్చి పైన్ ఆకులు పరిచి ఆవిరి పడతారు. తీశాక చన్నీళ్లలో ముంచి, నువ్వులనూనె రాస్తే, పిండి మీద పైన్ సూదుల గీతలు అచ్చుపడి ఉంటాయి. పండుగ పౌర్ణమిది, సోంగ్‌ప్యొన్ మాత్రం అర్ధచంద్రాకారం. ఎందుకని అడిగితే హల్మొని పెక్చె రాజు కథ చెప్పింది. భూమిలో దొరికిన తాబేలు వీపు మీద "పెక్చె నిండు చంద్రుడు, సిల్లా నెలవంక" అని రాసి ఉందట. జ్యోతిష్కుడు ఉన్నమాట చెప్పాడు: నిండినది తరుగుతుంది, నెలవంక పెరుగుతుంది. రాజు వాణ్ణి చంపించాడు. క్రీ.శ. 660లో పెక్చె కూలింది, సిల్లా పెరిగింది.

ఆ పొద్దున పితృదేవతలకి చారే, అంటే విస్తరి పెట్టడం. బల్ల మీద సోంగ్‌ప్యొన్, కూరలు, పండ్లు, మద్యం. పీచ్ పండు పెట్టకూడదు, ఆత్మలు బెదురుతాయి. ఎర్ర గింజ కూడా పెట్టరు. దోంగ్‌జి నాడు దయ్యాల్ని తరమడానికి గుమ్మానికి రాసిన గింజే, ఈ రోజు ఇంటికి వచ్చేది మనవాళ్లు కాబట్టి వంటింట్లోంచి బయటికి రాదు. చిన్న సంగతేగానీ, కొరియా పండుగల గుండె అంతా అందులోనే ఉందని నాకనిపిస్తుంది. రాకూడని వాళ్లకి ఒక గిన్నె, రావలసిన వాళ్లకి ఇంకో గిన్నె. రెండూ వండేది ఒకే చెయ్యి.

ఆ చెయ్యి గురించి కూడా చెప్పకపోతే తప్పు. చనిపోయింది భర్త తరఫు పెద్దలు. రెండు రోజులు నూనె ముందు కూర్చుని అట్లు వేసేది కోడళ్లు. తమ పుట్టింటికి వెళ్లేది అంతా అయ్యాక, వీలుంటే. పండుగ జబ్బు అని అర్థం వచ్చే ఒక మాటే పుట్టింది ఆ భాషలో, నడుంనొప్పి, తలనొప్పి, టెన్షన్ అన్నీ కలిపి. ముందు వరసలో అమ్మగారు తల ఊపుతున్నారు, మీకు తెలుసు. 2022 సెప్టెంబరులో సియోల్‌లోని కన్ఫ్యూషియన్ సంస్థ సొంగ్యున్‌క్వాన్ ఒక ప్రకటన చేసింది: తొమ్మిది పదార్థాలు చాలు, నూనెలో వేయించినవి పెట్టాలని ఏ శాస్త్రంలోనూ లేదు, ఎర్ర పండ్లు తూర్పున తెల్లవి పడమర అన్న వరస కూడా గ్రంథాల్లో లేదు, భక్తి ముఖ్యం అని. సంప్రదాయం కాపలాదారులే ఆ మాట అనడం చాలా మంచి పని. కానీ ఎన్ని తరాల నడుములు విరిగాక అన్నారు!

ఇక హరబొజి సంగతి. ఆయనది ఇప్పటి ఉత్తర కొరియాలో ఉన్న హ్వంగ్‌హె. 1951 జనవరిలో, పదహారేళ్లప్పుడు, కొరియా యుద్ధంలో అన్నతో కలిసి దక్షిణానికి నడిచి వచ్చాడు. పది రోజుల్లో తిరిగి వెళ్లిపోవచ్చనుకున్నారు. అమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. సరిహద్దు మూసుకుపోయింది. విడిపోయిన కుటుంబాలని కలపడానికి 1988 నుంచి పేర్లు నమోదు చేసుకుంటున్నారు, 1,30,000కు పైగా మంది రాయించుకున్నారు, అందులో ఎక్కువ మంది ఇప్పుడు లేరు. హరబొజి కూడా రాయించుకున్నాడు. పిలుపు రాలేదు.

సరిహద్దుకి దగ్గర్లో పాజు దగ్గర ఇమ్జింగాక్ అని ఒక చోటుంది. 1985లో అక్కడ మాంగ్బెదాన్ అని ఒక రాతి వేదిక కట్టారు. ఊరికి వెళ్లలేనివాళ్లు సొల్లాల్‌కీ, చుసొక్‌కీ అక్కడికి వచ్చి, ఉత్తరం వైపు తిరిగి దణ్ణం పెడతారు. హరబొజి ఏటా వెళ్లేవాడు. 2012 చుసొక్‌కి, సెప్టెంబరు 30న, నన్నూ రమ్మన్నాడు. మన మహాలయ పక్షం మొదలయ్యే వేళ. బస్సులో ఒడిలో సోంగ్‌ప్యొన్ డబ్బా పెట్టుకుని, ఆ ఏడుతో వాళ్లమ్మకి నూరేళ్లు నిండాయని చెప్పాడు. చనిపోయిన తేదీ తెలియనివాళ్లకి తొమ్మిదో నెల తొమ్మిదో రోజున తద్దినం పెడతారట. మనం తిథి తెలియనివాళ్లకి మహాలయ అమావాస్యనాడు పెట్టినట్టు. వచ్చే నెల నుంచి పెట్టాలని అనుకుంటున్నానన్నాడు.

వేదిక దగ్గర చాలామంది ముసలివాళ్లు, సూట్లలో, హన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తుల్లో. నది అవతల కొండలు మంచులో మసగ్గా. హరబొజి బూట్లు విప్పి, చాప మీద డబ్బా మూత తీసి పెట్టి, చిన్న గిన్నెలో మద్యం పోశాడు. మోకాళ్ల మీద వంగాడు, నుదురు చేతులకి ఆనించాడు, లేచాడు. అరవై ఏళ్లుగా ఒక్క దణ్ణంతోనే ఆపేవాడట, హల్మొని తర్వాత చెప్పింది. ఆ రోజు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత మళ్లీ వంగాడు.

లేచాక మద్యం నేల మీద ఒంపి, డబ్బా నా ముందుకి తోశాడు. "తిను" అన్నాడు.